షక్ పడాల్సింది సీసా మీద, ఆడపిల్ల జిస్మ్ మీద కాదు

నాలుగంటే నాలుగు పాయింట్లు. 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఏషియన్ గేమ్స్ హెప్టాథ్లాన్ ముగిసేసరికి మన సికింద్రాబాద్ పిల్ల అగసర నందిని ఖాతాలో 5712, పశ్చిమ బెంగాల్ స్వప్న బర్మన్ ఖాతాలో 5708. నందినికి కాంస్యం, స్వప్నకు నాలుగో స్థానం. చాయ్ అమ్మి ఇల్లు నడిపిన తండ్రి కూతురు ఆసియా పతకం గెలిచింది. ఆ ఖుషీ నిండా ఒక రోజైనా నిలవలేదు. తన కాంస్యం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ చేతికి పోయిందని స్వప్న సోషల్ మీడియాలో రాసేసింది. ఇంత తక్కువ కాలంలో ఎవరూ ఇంత ఎదగలేరన్నది ఆమె దలీల్. అంతే, అంతకు మించి ఏమీ లేదు. నేనేంటో నాకు తెలుసు, సబూత్ ఉంటే చూపించమనండి అని నందిని అడిగింది. సబూత్ రాలేదు. కొన్నాళ్లకు ఆ పోస్టు మాయమైంది.

పోస్టు తీసేస్తే మాట పోతుందా? ఇరవై ఏళ్ల పిల్ల పేరు పక్కన ఆ మాట ఇవాళ్టికీ ఇంటర్నెట్‌లో కూర్చునే ఉంది. ఆడదాని మీద తోహ్మత్ వేసేవాడిని నలుగురు గవాహీలను తెచ్చి నిలబెట్టమని అడిగే దీన్ మనది. అక్కడ ఒక్క గవాహీ కూడా లేడు. ఒక ఓడిపోయిన మనసు, ఒక మొబైల్ ఫోన్, అంతే.

హెప్టాథ్లాన్ అంటే ఏడు ఆటలు, అందులో 100 మీటర్ల హర్డిల్స్, 200 మీటర్ల పరుగు కూడా ఉంటాయి. అంటే ఇది స్ప్రింటర్ల లోకం. ఈ లోకంలో వేగంగా పరిగెత్తే ప్రతి ఆడపిల్ల మీదా రెండు రకాల షక్ పడుతుంది. ఒకటి: ఇది ఆడదేనా? రెండు: ఇది ఏదో మందు తీసుకుంటోంది. ఈ రెండింటినీ ఒకే కుండలో వేసి కలపడమే మన దగ్గర జరుగుతున్న పెద్ద నా-ఇన్సాఫీ అని నేనంటాను.

ఈ మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే జవాబు ఎప్పుడూ ఒకటే. తార్నాకలో చాయ్ గ్లాసు ముందు పెట్టుకుని బహెస్ చేసే దోస్త్‌లు నవ్వుతారు. "అరే మియా, ద్యుతీ చంద్ కా క్యా హువా? పకడీ గయీ నా? అప్పుడు షక్ చేస్తే తప్పన్నారు, ఇప్పుడేమంటారు?" ఈ సవాల్‌కు దాటవేత జవాబు చెప్పడం నాకిష్టం లేదు. ద్యుతీ కథనే విప్పి చూద్దాం.

ద్యుతీ ఒడిశాలో చేనేత కుటుంబంలో పుట్టింది. కానీ ఆమె కథలో పెద్ద భాగం మన హైదరాబాద్‌లోనే జరిగింది. కోచ్ నాగపురి రమేశ్ ఇక్కడివాడే. అందరూ తలుపులు మూసుకున్న రోజుల్లో ఆమెకు చోటిచ్చింది ఇక్కడి పుల్లెల గోపీచంద్ అకాడమీ. 2014లో ఆమెకు పద్దెనిమిదేళ్లు. మామూలు డోప్ పరీక్ష అనుకుని వెళ్లిన పిల్లకు అల్ట్రాసౌండ్ తీశారు. ఆమె ఒంట్లో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని చెప్పి, గ్లాస్గో కామన్‌వెల్త్ గేమ్స్‌కు వెళ్లే జట్టు నుంచి ఆఖరి రోజుల్లో తీసేశారు. ఖబర్ బయటికి పొక్కింది. ఊరు ఊరంతా, తర్వాత దేశం దేశమంతా ఆ పిల్ల ఆడదా మగదా అని మాట్లాడుకుంది. మన ఇంట్లో పిల్లకు ఇలా జరిగిందని ఒక్క నిమిషం ఊహించుకోండి. ఏ ముఖంతో బయటికి వస్తుంది? ఏ ఇంటి నుంచి రిష్తా వస్తుంది?

ద్యుతీ ఇంట్లో కూర్చోలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఫైసలా వచ్చింది. లీటరు రక్తంలో 10 నానోమోల్స్ టెస్టోస్టిరాన్ దాటితే ఆడవాళ్ల పోటీలో పరిగెత్తరాదన్న ఖానూన్‌ను కోర్టు పక్కన పెట్టింది. పుట్టుకతో ఉన్న హార్మోన్ వల్ల అలాంటి ఆడవాళ్లకు ఎంత లాభం వస్తోందో అంతర్జాతీయ సమాఖ్య సబూత్‌తో చూపలేకపోయిందన్నది కారణం. మరుసటి ఏడాది ఆమె రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో 100, 200 మీటర్లు రెండింటా వెండి. 2021లో 11.17 సెకన్లతో జాతీయ రికార్డు.

ఇక రెండో అధ్యాయం. 2022 డిసెంబర్‌లో పోటీలు లేని సమయంలో ఆమె నుంచి రెండుసార్లు నమూనాలు తీశారు. రెండింటిలోనూ ఆస్టరిన్, ఆండరిన్ లాంటివి దొరికాయి. వీటిని సార్మ్స్ అంటారు. కండరంలో, ఎముకలో టెస్టోస్టిరాన్ తట్టే తలుపునే ఇవీ తడతాయి. ద్యుతీకి 2023 జనవరి నుంచి నాలుగేళ్ల నిషేధం పడింది. తెలియక తీసుకున్నానన్న ఆమె వాదన నిలబడలేదు. అది శిక్ష, ఆ శిక్ష సరైనదే. అందులో నాకు ఏ తకల్లుఫ్ లేదు.

ఇప్పుడు నా దోస్త్‌ల సవాల్‌కు వస్తాను. 2023లో సీసాలో దొరికిన మందు 2014లో ఆమె జిస్మ్ మీద చేసిన షక్‌ను నిజం చేస్తుందా? ఎలా చేస్తుంది? 2014లో ఆమె ఏమీ మింగలేదు. ఆనాటి కేసులో డోపింగ్ అన్న ఇల్జామే లేదు. ఆమె నేరమల్లా పుట్టడం. 2022లో ఆమె నేరం ఒంట్లోకి పోకూడనిది పోవడం. ఒకడి రంగు చూసి పోలీసులు పట్టుకున్నారు, వాడు కోర్టులో గెలిచాడు. ఎనిమిదేళ్ల తర్వాత వాడే నిజంగా జేబు కొట్టి దొరికాడు. అప్పుడు పట్టుకున్నది సరైనదే అంటామా? ఈ లెక్క మన మొహల్లాల్లో పెరిగిన ఎవరికైనా అర్థమవుతుంది. ముఖం చూసి, గడ్డం చూసి, పేరు చూసి చేసే షక్ ఎలా ఉంటుందో మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇంకో సంగతి. జిస్మానీ ఫాయిదా అన్న మాట మగవాళ్ల దగ్గరికి రాగానే రంగు మార్చుకుంటుంది. ఉసేన్ బోల్ట్ ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో వంద మీటర్లు దాటినప్పుడు సుమారు 41 అంగలు వేశాడు. పక్క లైన్లలో వాళ్లకు 44, 45 పట్టాయి. అంత పొడుగు కాళ్లు అన్యాయం కాబట్టి నిన్ను వేరే పోటీలో పెడతామని ఎవరైనా అన్నారా? ఖుదరత్ కా కరిష్మా అన్నారు. ఫిన్లాండ్ స్కీయింగ్ వీరుడు ఈరో మాంటీరాంటా ఇంకా చిత్రం. 1964 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. రక్తంలో ఎర్రకణాలు మామూలు మనిషికన్నా ఎంతో ఎక్కువ. రక్తం మార్చుకుంటున్నాడని జనం చెవులు కొరుక్కున్నారు. 1993లో శాస్త్రవేత్తలు అతని ఖాందాన్ మొత్తాన్ని పరీక్షించి, అది పుట్టుకతో వచ్చిన జీన్ మార్పు అని తేల్చారు. అతని పతకాలు అతని దగ్గరే ఉన్నాయి. వాళ్లకైతే ఖుదా ఇచ్చిన నేమత్, మన పిల్లలకైతే మోసం.

ఇక్కడ అడ్డుపడే వాళ్లుంటారు, వాళ్ల మాటలో బలం ఉంది. ఆడవాళ్లకు వేరే పోటీ ఎందుకు పెట్టారు? మగవాళ్లతో కలిపి పరిగెత్తిస్తే ఫైనల్‌కు ఒక్క ఆడపిల్ల కూడా రాదు కనుక. మరి ఆ హద్దును ఎవరో ఒకరు కాపాడాలి కదా? కాపాడాలి. ఎంఎంటీఎస్ రైల్లో లేడీస్ డబ్బా ఉంది. అది ఉండాలి, అందులోకి ఎవరు పడితే వాళ్లు ఎక్కకూడదు. కానీ చూడాల్సిన పని డ్యూటీలో ఉన్నవాళ్లది, అందరినీ ఒకే తీరున, నెమ్మదిగా అడిగి చూడాలి. పక్క సీటు దొరకని మనిషి లేచి, ఫలానా ఆమె ఆడది కాదంటూ డబ్బా అంతా వినేలా కేకలు వేస్తే అది హద్దు కాపాడటం కాదు. హాంగ్‌ఝౌలో జరిగింది ఆ కేక.

2025 సెప్టెంబర్ 1 నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ కొత్త ఖానూన్ తెచ్చింది. ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో ఆడవాళ్ల విభాగంలో దిగాలంటే ఎస్ఆర్‌వై అనే జీన్ పరీక్ష ఒక్కసారి చేయించుకోవాలి. చెంప లోపల దూదిపుల్ల తిప్పి తీస్తారు, లేదా రక్తం తీస్తారు. బాక్సింగ్‌లోనూ అదే ఏడాది పెట్టారు. లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో రింగ్ ఎక్కాలంటే మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌కూ అదే షరతు. అందరికీ ఒకే పరీక్ష అంటే ద్యుతీలా ఒక్కదాన్ని ఏరి పట్టుకోవడం కన్నా నయమే, ఒప్పుకుంటాను. కానీ ఆ జీన్‌ను 1990లో కనిపెట్టిన ఆండ్రూ సింక్లేరే ఈ పద్ధతి సరికాదని రాశాడు. జీన్ ఉండటం వేరు, జిస్మ్ దాని మాట వినడం వేరు. స్పెయిన్ హర్డిలర్ మరియా హోసె మార్టినెస్ పటిన్యో సంగతి తెలిస్తే ఇది అర్థమవుతుంది. 1985లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ యూనివర్సిటీ గేమ్స్‌కు వెళ్లింది. అంతకుముందు ఇచ్చిన ఆడదానివన్న సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయింది. మళ్లీ పరీక్షించి ఎక్స్-వై క్రోమోజోములు ఉన్నాయన్నారు. ఆమె జిస్మ్ టెస్టోస్టిరాన్‌ను అసలు పట్టించుకోదు. అంటే ఆ హార్మోన్ వల్ల ఆమెకు దమ్మిడీ ఫాయిదా లేదు. అయినా స్కాలర్‌షిప్ పోయింది, మంగేతర్ వదిలేసి పోయాడు, రికార్డులు కొట్టేశారు. 1988లో మళ్లీ పరిగెత్తనిచ్చారు గానీ ఆ మూడేళ్లు ఎవరిస్తారు? కొత్త ఖానూన్‌లో ఆమె లాంటి వాళ్లకు మినహాయింపు పెట్టారు. అది బాగుంది. ఇక మన దేశంలో ఆ రిపోర్టు ఎవరి టేబుల్ మీద ఉంటుంది, ఎవరి వాట్సాప్‌లోకి వెళ్తుంది అన్నదే నా భయం. 2014లో ద్యుతీ ఖబర్‌ను లీక్ చేసినవాడికి ఏ శిక్షా పడినట్టు నేను వినలేదు.

సరే, జిస్మ్ సంగతి ఇంత. సీసా సంగతి చూద్దామా? ఇక్కడ మాత్రం షక్ చేయడానికి కావలసినంత ఉంది.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల్లో 2023లో భారత్ నుంచి 5606 నమూనాలు తీస్తే 213 తేడాగా తేలాయి. అంటే 3.8 శాతం. 2024లో 7113 తీస్తే 260. ఇంత పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఈ విషయంలో మనమే ముందున్నాం. షర్మ్ పడాల్సిన మొదటి స్థానం ఇది. నందిని హాంగ్‌ఝౌ వెళ్లిన ఆ వారంలోనే ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఏం జరిగిందో గుర్తుందా? రాష్ట్ర పోటీల మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్. ఎనిమిది మంది ఉండాలి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్లు వచ్చారని తెలియగానే ఏడుగురు మాయం. కండరం పట్టేసిందట, నొప్పట. ఒక్కడే పరిగెత్తి ఒక్కడే గెలిచాడు. స్టీపుల్‌చేజ్‌లో ఒక పిల్ల గీత దాటాక కూడా ఆగకుండా పరిగెత్తుతూ పోతే నమూనా తీసుకునే అధికారి ఆమె వెంట పడాల్సి వచ్చింది. టాయిలెట్‌లో వాడి పారేసిన సిరంజీల వీడియో అందరూ చూశారు. ఆ ఏడుగురు మగపిల్లల జిస్మ్ గురించి దేశంలో ఎవరైనా ఒక్క ముక్క మాట్లాడారా? నవ్వుకుని వదిలేశారు.

డోప్ పరీక్ష అంటే దొంగను పట్టే వల అని మనం అనుకుంటాం. అది మెహనత్ చేసిన పిల్లకు గవాహీ కూడా. విశాఖపట్నం జ్యోతి యర్రాజీని చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ పెట్టిన 13.38. జ్యోతి దాన్ని చిన్నాభిన్నం చేసింది. కానీ రికార్డు పుస్తకంలో ఎక్కలేదు. ఎందుకంటే ఆ పోటీల్లో ఆమె నమూనా తీసుకునే నాడా మనిషి లేడు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేడు. రికార్డు ఆమె పేరు మీదికి రావడానికి 2022 మేలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తే దాకా ఆగాల్సి వచ్చింది. మూడబిద్రి పరుగు కన్నా నెమ్మదైన పరుగు రికార్డు అయింది! యూనివర్సిటీ పోటీలో ఒక చిన్న సీసా లేకపోవడం వల్ల హలాల్ కమాయీ రెండేళ్లకు పైగా లెక్కలోకి రాలేదు. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ గేమ్స్‌లో అదే జ్యోతి 12.78తో కాంస్యం తెచ్చింది.

అందుకే పరీక్ష కావాలని గట్టిగా అడగాల్సింది ముందు మన పిల్లల అమ్మీ అబ్బాలు. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున ఆరు గంటలకు నడిచేవాళ్లకు తెలుసు, అక్కడ ఎంతమంది పరిగెత్తుతారో. అథ్లెట్లు కొందరు. ఎక్కువమంది కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తేవాళ్లు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఆ సెకన్ల మీద ఒక ఇంటి బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ సెకన్లను అమ్మే దుకాణాలు కూడా పుట్టాయి. ఆపరేషన్ టేబుల్ మీద రక్తపోటు పడిపోయినప్పుడు వాడే మెఫెంటర్మిన్ సూదిని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతుంటే తెలంగాణ డ్రగ్ కంట్రోల్ అధికారులు పట్టుకున్న ఖబర్లు పేపర్లో ఎన్నిసార్లు రాలేదు! అది డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్న మందు, గుండెను ఆడుకునే మందు.

విడ్డూరం ఏమిటంటే దీని మీద మాట్లాడాల్సిన ఇల్మ్ మన గడప ముందే ఉంది. తార్నాకలో యూనివర్సిటీని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024 మేలో వాళ్లు దేశం మొత్తానికి 17 ఆహార సూత్రాలు ఇచ్చారు. కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు మానుకోండని అందులో సాఫ్‌గా చెప్పారు. ఎక్కువ కాలం మితిమీరి తింటే కిడ్నీకీ ఎముకకూ ముప్పు అన్నారు. ఆ గోడకు ఇవతల పరిగెత్తే పిల్లకు ఆ మాట చేరవేసినవాడు ఎవడు? ఆ పిల్లకు చేరేది బండి మీద ఎవరో తెచ్చిచ్చే రంగుడబ్బా. ఆ డబ్బాలో ఏం కలిపారో లేబుల్ చెప్పదు. దొరికితే మాత్రం ఖానూన్ పిల్లనే పట్టుకుంటుంది. నీ ఒంట్లో దొరికింది కాబట్టి జిమ్మేదారీ నీదే అంటుంది. 2011లో జాతీయ 400 మీటర్ల రిలే అమ్మాయిలు దొరికినప్పుడు చైనాలో కొన్న జిన్సెంగ్ బిళ్లల్లో వచ్చిందని మొత్తుకున్నారు. కోచ్ యూరీ ఒగోరొద్నిక్‌ను పంపించేశారు, నిషేధం మాత్రం ఆడపిల్లలు మోశారు.

కోచ్ మాట వచ్చింది కాబట్టి ఇంటి దగ్గరి చేదు కూడా చెప్పాలి. ద్యుతీకి, నందినికి, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి 2024లో కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ పారా రికార్డు పెట్టిన దీప్తి జీవన్‌జీకి, ముగ్గురికీ కోచ్ నాగపురి రమేశే. 2016లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్న మనిషి. 2025 జులైలో నాడా ఆయన్ను సస్పెండ్ చేసింది. డోపింగ్‌లో అథ్లెట్లకు తోడ్పడ్డారన్నది అభియోగం. పరీక్ష తప్పించుకున్నారని అప్పుడే ఏడుగురు అథ్లెట్లనూ సస్పెండ్ చేసింది. నందిని కోసం సబూత్ అడిగిన నోటితో రమేశ్ విషయంలోనూ సబూత్ అడుగుతాను. ఇల్జామ్ వేరు, జుర్మ్ వేరు. ఆయన శిష్యులంతా మందు మీదే గెలిచారని ఇప్పుడు అనేవాళ్లు స్వప్న చేసిన పనే చేస్తున్నారు. కానీ ఒక తేడా గమనించండి. ఆయన మీద వచ్చినదానికి ఒక ఖానూన్ ఉంది, ఒక నోటీసు ఉంది, తన మాట చెప్పుకునే సునవాయీ ఉంటుంది. షక్‌ను అలా చేయాలి. కోచ్‌ను, డాక్టర్‌ను, ఫిజియోను, డబ్బా అమ్మేవాడిని అడిగే తరీఖా అది. నందినికి వాటిలో ఒక్కటీ దక్కలేదు.

ఆ పిల్ల మాత్రం ఎవరికీ జవాబు చెప్పుకుంటూ కూర్చోలేదు. 2025 మేలో కొరియాలోని గుమిలో ఏషియన్ ఛాంపియన్‌షిప్ హెప్టాథ్లాన్ బంగారం గెలిచింది. 5941 పాయింట్లు.

1918లో ఉర్దూలో పెద్ద చదువులు చెప్పడానికి పుట్టిన యూనివర్సిటీ మనది. తాలీమ్‌లో కొత్త దారి వేసినవాళ్లకు ఆటలో వేయడం కష్టమేం కాదు. ఇక్కడి నుంచి జట్టు వెళ్లే ప్రతి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో నమూనాలు తీయాలని ఉస్మానియా రాతపూర్వకంగా అడగాలి. పక్కనే ఉన్న పోషకాహార సంస్థ వాళ్లను పిలిచి, గ్రౌండులోనే పిల్లలకు తెలుగులో, ఉర్దూలో చెప్పించాలి. రిజిస్ట్రార్ గారికి ఒక ఉత్తరం రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇళ్లలో చేయాల్సింది ఇంకా చిన్నది. మన బేటీ పరిగెత్తుతానంటే, బాగా పరిగెత్తడం మొదలుపెడితే, ఖాలా నుంచి పక్కింటి చాచా దాకా కండలు చూసి, గొంతు విని ఏదో అంటారు. వాళ్ల నోరు మూయించడం అబ్బా పని. అమ్మీ చేయాల్సింది వేరు. పిల్ల షేకర్‌లో కలుపుకునే పొడి డబ్బాను ఇంటికి తెప్పించండి. ఎవరిచ్చారో, ఎంతకు కొన్నారో, బిల్లు ఉందో లేదో అడగండి. లేబుల్ మీద, బ్యాచ్ నంబర్ మీద ఫోటో తీసి పెట్టుకోండి. సూది అన్న మాట వినబడితే డాక్టర్ చీటీ చూపించమనండి. కోచ్ సాబ్‌ను కూడా అదబ్‌తోనే అడగండి. జవాబు సాఫ్‌గా రాకపోతే డబ్బా ఇంట్లోనే పెట్టుకుని, పిల్లను మాత్రం గ్రౌండుకు పంపండి.